పురుగుల అవయవాలకు పటం కట్టించే ముందు: మేనకోడలికి ఒక లేఖ

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మధురవాడలో మీరు కొన్న ఫ్లాటు హాలు గోడకు, మైక్రోస్కోపు కింద నీవే తీసిన పురుగుల అవయవాల చిత్రాలను పటాలు కట్టించి పెట్టాలని ఉందని రాశావు. ఏ లెన్సు కొనాలి, ప్రింటు ఎంత పెద్దది వేయించాలి, మీ అత్తగారు దీనికి ఒప్పుకుంటారా అని మూడు సంగతులు అడిగావు. మూడోదాని గురించి చివర రాస్తాను. మొదటి రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది. ఏ అవయవాన్ని చూపించబోతున్నావో, అది చేసే పని ఏమిటో ముందుగా తేల్చుకుంటే లెన్సు, వెలుతురు, ప్రింటు కొలత, చివరకు అద్దం రకం కూడా దాన్ని బట్టే తేలతాయి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు ఖరీదైన ఆబ్జెక్టివ్ (మైక్రోస్కోపులో వస్తువు వైపు ఉండే లెన్సు) కొని, దాని కింద చేతికందిన పురుగునల్లా పెట్టి, వచ్చినవాటిలో ఎక్కువ మెరిసేదాన్ని గోడకెక్కిస్తారు. అటువంటి బొమ్మను ఇంటికి వచ్చినవాళ్ళు ఒకసారి ఆశ్చర్యంగా చూస్తారు, రెండోసారి దాని ముందు ఆగరు.

అవయవాన్ని ఎంచుకోవడానికి నేను పెట్టుకున్న పరీక్ష ఏమిటంటే, జంతుశాస్త్రం చదవని మనిషి కింద రాసిన రెండు వాక్యాలు చదువుకుని మళ్ళీ తలెత్తి చిత్రాన్ని చూస్తే, ఆ అవయవం పనిచేసే తీరు కంటికి అందాలి. తేనెటీగ వెనుక రెక్క ముందంచున వరుసగా చిన్న కొక్కేలు ఉంటాయి. అవి ముందు రెక్క వెనుకంచున ఉన్న మడతను పట్టుకోవడం వల్లనే, ఎగిరేటప్పుడు ఒక్కో పక్కనున్న రెండు రెక్కలూ ఒకే రెక్కలా ఊగుతాయి. సీతాకోకచిలుక తుండం ఒకే గొట్టంలా కనిపిస్తుంది గాని, అది నిలువునా కలిసిన రెండు సగాలు. ప్యూపా నుంచి బయటపడినప్పుడు విడివిడిగా ఉన్న ఆ సగాలను పురుగే చుట్టి, విప్పి, ఒకటిగా జత చేసుకుంటుంది. ఆడ దోమ తుండంలో తొడుగు లోపల ఆరు సన్నని సూదులు ఉంటాయి, కుట్టేటప్పుడు తొడుగు వెనక్కి వంగుతుందే తప్ప చర్మంలోకి దిగదు. మగ దోమ స్పర్శశృంగాలు, అంటే తల మీది మీసాలు, కుంచెలా గుబురుగా ఉండేది ఆడ దోమ రెక్కల చప్పుడు పసిగట్టడానికి. ఈగ మూతి చివర ద్రవాన్ని పీల్చే సన్నని కాలువలు ఉంటాయి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో మైక్రోస్కోపు సరదా ఉన్న ఇళ్ళలో ఈ ఈగ మూతి స్లైడు లేని పెట్టె అరుదుగా ఉండేది. ఇవన్నీ పని కనిపించే అవయవాలు. పురుగు మొత్తాన్ని, ఆరు కాళ్ళూ చాపి, ఎదురుగా నిలబెట్టి తీసిన చిత్రం గోడ మీద భయపెడుతుంది, కాని ఏమీ చెప్పదు.

లోపలి మెత్తటి అవయవాల జోలికి ఇప్పుడే వెళ్ళవద్దు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తుపట్టగలిగాడంటే, ఆ కణాలలో ఉన్న నల్లని రంగు రేణువులు ఆయన కంటికి ఆనడం ముఖ్య కారణం. రంగు వేయని మెత్తటి కణజాలం దాదాపు పారదర్శకంగా ఉంటుంది, త్వరగా కుంగిపోతుంది, గోడకు పనికివచ్చే గీత దానిలో దొరకడం కష్టం. పురుగు పైపెంకు, అంటే అవభాసిని, గట్టిది. చచ్చిన తరువాత కూడా ఆకారం నిలుపుకుంటుంది. మొదటి సంవత్సరమంతా పైపెంకు భాగాలతోనే గడుపు.

మొదటి చిత్రానికి బియ్యం డబ్బాలో తిరిగే ముక్కుపురుగును తీసుకోమంటాను. నవ్వకు. అది సుమారు 3 మిల్లీమీటర్ల పురుగు, ఏ చట్టమూ అడ్డురాదు, ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. దాని ముక్కు నిజానికి ముక్కు కాదు, పొడవుగా సాగిన తల. నోరు ఆ కొనన ఉంటుంది, మోచేతిలా వంగిన స్పర్శశృంగాలు ఆ ముక్కుకే రెండు పక్కలా అతికి ఉంటాయి. ఆడ పురుగు ఆ కొనతో బియ్యపు గింజకు తూటు పెట్టి, లోపల గుడ్డు పెట్టి, జిగురు వంటి పదార్థంతో తూటును పూడుస్తుంది. ఒంటి నిండా వరుసగా గుంటలు, రెక్కల పెంకు మీద నాలుగు లేత ఎర్రని మచ్చలు ఉంటాయి. పక్కనుంచి చూసినప్పుడు తల, ముక్కు, స్పర్శశృంగం కలిసి ఒక్క గీతలో వస్తాయి. మన ఇళ్ళలో అందరూ చేటలో చెరిగి పారబోసే పురుగు ఇదే కాబట్టి, వచ్చినవాళ్ళకు పరిచయం చేయవలసిన అవసరం కూడా ఉండదు.

దాని తరువాత భీమునిపట్నం వైపు కొబ్బరి తోటలున్న వాళ్ళనెవరినైనా అడుగు. కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు ఆ రైతులకు శత్రువులు. చెట్టు మొవ్వులోంచి తీసి చంపినవాటిని సంతోషంగా ఇస్తారు. ఎర్రముక్కు పురుగులో మగదానికి ముక్కు పైన కురచ వెంట్రుకల కుచ్చు ఉంటుంది, ఆడదానికి ఉండదు. ఆ రెండు ముక్కులనూ పక్కపక్కన పెట్టిన జంట చిత్రం ఏ హాలుకైనా సరిపోతుంది. వానాకాలం మొదట్లో వీధి దీపాల కింద రాలే ఉసిళ్ళ రెక్కలు, కిటికీ గట్టు మీద ఎండిన తేనెటీగలు, సాలెగూడులో మిగిలిన తూనీగ తల, వీటికి ఖర్చేమీ లేదు, ప్రాణమూ తీయనక్కరలేదు. ఆరుద్ర కార్తెలో నేల మీద పాకే ఎర్ర మఖమల్ పురుగు మీద నీకు ఆశ పుడుతుందని తెలుసు. దానికి ఎనిమిది కాళ్ళు, అది కీటకమే కాదు, సాలీళ్ళ వంశంలోది, పైగా ఏడాదిలో కొద్ది రోజులే బయటికి వస్తుంది. దాన్ని బతికుండగానే తక్కువ పెద్దది చేసే లెన్సుతో తీసి వదిలేయి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చేస్తున్నాను. మీ ఇంటికి కంబాలకొండ దగ్గర. అది అభయారణ్యం, అక్కడి నుంచి అటవీ శాఖ అనుమతి లేకుండా చచ్చిన పురుగును కూడా జేబులో వేసుకుని రావద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్ళలో కొన్ని సీతాకోకచిలుకలు ఉన్నాయి, ఆ షెడ్యూళ్ళను 2022లో సవరించారు కూడా; కనుక రెక్క రంగు బాగుందని ఏరుకునే ముందు అది ఏ జాతో తెలుసుకుని, జాబితాలో చూసుకో. ఎండబెట్టిన విదేశీ సీతాకోకచిలుకలను ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళ దగ్గర అసలు కొనవద్దు, అది ఎక్కడ పట్టినదో వాళ్ళు చెప్పే మాటను నమ్మడానికి నీ దగ్గర ఆధారం ఉండదు.

ఇక శుభ్రం చేయడం. కంటికి నిగనిగలాడుతూ కనిపించే పురుగు 10ఎక్స్, అంటే పది రెట్లు పెద్దది చేసే, ఆబ్జెక్టివ్ కింద దుమ్ము, పిండి, దూది పోగులతో నిండి ఉంటుంది. గోరువెచ్చని నీటిలో ఒక చుక్క సబ్బు ద్రవం వేసి, సన్నని చిత్రకారుల కుంచెతో మెల్లగా తుడిచి, మంచినీటిలో కడిగి, చివర ఆల్కహాలులో ముంచి ఆరబెట్టు. వెంట్రుకలు ఎక్కువగా ఉన్న తేనెటీగ వంటివాటిని ఆరే సమయంలో ఊదుతూ ఉంటే వెంట్రుకలు అట్ట కట్టవు. ఎండి బిగుసుకున్న పురుగు కాళ్ళు సర్దాలంటే, మూతబిగిసిన డబ్బాలో తడి గుడ్డ మీద ఒకటి రెండు రోజులు ఉంచితే కీళ్ళు మెత్తబడతాయి; మన ఊరి తేమలో అంతకు మించి ఉంచితే బూజు పడుతుంది. ఈగల, తూనీగల కళ్ళు మాత్రం ఆగవు. చచ్చిన కొద్ది గంటలకే ఈగ కన్ను సొట్టపడడం మొదలవుతుంది, తూనీగ కంటి రంగు మాసిపోతుంది. కళ్ళు తీయాలనుకుంటే అన్నీ సిద్ధం చేసుకున్న తరువాతనే పురుగును వెతుక్కో.

లెన్సు సంగతికి వస్తాను. నీ దగ్గర ఉన్న కాలేజీ మైక్రోస్కోపుకు 4ఎక్స్, 10ఎక్స్, 40ఎక్స్ ఆబ్జెక్టివ్‌లు ఉన్నాయన్నావు. గోడ చిత్రాలకు మొదటి రెండే చాలు. 40ఎక్స్ కొన పురుగుకు అర మిల్లీమీటరు దగ్గరికి వస్తే గాని ఫోకస్ కుదరదు, అంత సందులో పైనుంచి వెలుతురు పంపలేవు. అది స్లైడ్లకే పనికివస్తుంది. 10ఎక్స్‌కు కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది కనుక పక్కనుంచి దీపం వేయవచ్చు. మిటుటోయో వంటి కంపెనీలు చేసే ఆబ్జెక్టివ్‌లలో 10ఎక్స్‌కే 30 మి.మీ.కు పైగా ఖాళీ ఉంటుంది, వాటితో వెలుతురు సర్దడం హాయి, కాని వాటి ధరకు ఒక మంచి కెమెరా వస్తుంది. చేతిలో ఉన్న రెండు ఆబ్జెక్టివ్‌లతో పది చిత్రాలు తీసి, వెలుతురు చాలకనే పని ఆగుతోందని నీకు నిక్కచ్చిగా తెలిసిన రోజున కొను.

పెద్దది చేసే కొద్దీ ఒక్క చిత్రంలో స్పష్టంగా ఉండే లోతు దారుణంగా తగ్గిపోతుంది. 0.10 న్యూమరికల్ అపెర్చర్ (లెన్సు ఎంత వెడల్పు కోణంలో వెలుతురును లోపలికి తీసుకుంటుందో చెప్పే అంకె) ఉన్న 4ఎక్స్‌కు ఆ లోతు సుమారు 55 మైక్రాన్లు, 0.25 ఉన్న 10ఎక్స్‌కు 9 మైక్రాన్ల లోపు. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాను అని గుర్తుంచుకుంటే, ముక్కుపురుగు తలలో ఒక పొర తప్ప మిగిలినదంతా మసకగా ఎందుకు వస్తుందో అర్థమవుతుంది. అందుకే ఫోకస్‌ను మెట్టు మెట్టుగా జరుపుతూ వరుసగా చిత్రాలు తీసి, ప్రతి దానిలోని స్పష్టమైన భాగాన్ని మాత్రం తీసుకుని కంప్యూటరులో ఒకటిగా కలుపుతారు. దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు. ఒక్కో మెట్టు ఆ లోతుకన్నా తక్కువ ఉండాలి, లేకపోతే నడుమ పట్టీలు పట్టీలుగా మసక మిగిలిపోతుంది. 4ఎక్స్‌కు 35 మైక్రాన్లు, 10ఎక్స్‌కు 5 మైక్రాన్లు అనుకో. ఒక మిల్లీమీటరు మందం ఉన్న వస్తువుకు 4ఎక్స్‌లో సుమారు 30 చిత్రాలతో పని అయిపోతే, అదే వస్తువుకు 10ఎక్స్‌లో 200 కావాలి. చాలా మైక్రోస్కోపులలో సన్న ఫోకస్ చక్రం మీద ఒక్కో గీతకు 2 మైక్రాన్లు కదులుతుంది. నీదానిలో ఎంతో దానితో వచ్చిన కాగితంలో చూసుకుని, చేత్తోనే తిప్పుతూ తీయవచ్చు. మెట్టు మెట్టుగా జరిపే మోటారు పట్టా కొనే తొందరేమీ లేదు.

ఈ పనికి ఆటంకం అదురు. సీలింగ్ ఫ్యాను ఆపు. మీ అపార్టుమెంటు జాతీయ రహదారికి దగ్గర గనుక లారీలు తగ్గే రాత్రి వేళ కూర్చో. కెమెరా షట్టరు అదురు లేకుండా ఎలక్ట్రానిక్ షట్టరు పెట్టుకో, రిమోటుతో నొక్కు. అప్పటికీ అదురు కనిపిస్తే ఎల్‌ఈడీ దీపం బదులు ఫ్లాష్ వాడు, దాని మెరుపు ఎంత కొద్దిసేపో గనుక అదురు చిత్రంలోకి ఎక్కదు.

వెలుతురు మీద ఎంత శ్రమ పెట్టినా వృథా కాదు. పురుగు పెంకు అద్దంలా మెరుస్తుంది. దాని మీద నేరుగా దీపం వేస్తే గుంటలు, వెంట్రుకలు, రంగు అన్నీ తెల్లని చుక్కల కింద కప్పుకుపోతాయి. పురుగు చుట్టూ ట్రేసింగ్ కాగితంతో గొట్టంలా చుట్టి, బయటినుంచి రెండు మూడు దీపాలు వేయి. సగానికి కోసి కొనన తూటు పెట్టిన టేబుల్ టెన్నిస్ బంతి కూడా ఇదే పని చేస్తుంది. అయితే అన్ని వైపులా సమానంగా వెలుతురు పోస్తే ఉపరితలం చదునుగా, ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతుంది. ముక్కుపురుగు గుంటలు కనిపించాలంటే ఒక వైపు దీపం కాస్త బలంగా, పక్కవాటుగా ఉండాలి. ఇక్కడ కూడా అవయవమే నిర్ణయిస్తుంది: గుంటలకు, గాట్లకు పక్కవాటు వెలుతురు కావాలి; సీతాకోకచిలుక రెక్క పొలుసులకు, ముఖ్యంగా నీలం, పచ్చ మెరుపులకు, వెలుతురు వచ్చే కోణం మారితే రంగే మారిపోతుంది, ఎందుకంటే ఆ రంగులలో చాలావరకు వర్ణకం వల్ల కాక పొలుసు మీది అతి సన్నని నిర్మాణం వల్ల పుడతాయి. దీపాన్ని చుట్టూ తిప్పి చూసి, రంగు కుదిరిన చోట ఆపు.

దోమ తుండం, బొద్దింక ముఖభాగాలు, తేనెటీగ కొక్కేలు మాత్రం కిందినుంచి వెలుతురు వేసి చూసేవి కాబట్టి స్లైడు చేయాలి. బీఎస్సీ ప్రాక్టికల్సులో బొద్దింక నోటి భాగాలు విడదీసినదాని గుర్తు నీకు ఉండే ఉంటుంది. కండరాలు కరిగిపోవడానికి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచి, నీటితో బాగా కడిగి, 30, 50, 70, 90 శాతం ఆల్కహాలు మీదుగా నీరు లేని ఆల్కహాలుకు చేర్చి, లవంగ నూనెలో పారదర్శకం చేసి, కెనడా బాల్సం అనే పారదర్శకమైన జిగురులో అమర్చి పైన కవర్ స్లిప్ అనే పల్చటి గాజు ముక్క వేయాలి. బాల్సం వక్రీభవన గుణకం (కాంతిని వంచే కొలత) గాజుకు దగ్గరగా ఉండడం వల్లనే అంచులు శుభ్రంగా కనిపిస్తాయి. ఆ క్షారం చర్మాన్ని, కళ్ళను కాల్చేస్తుంది. చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి, వంటింటి గిన్నెలు వాడకూడదు, అల్యూమినియం పాత్ర అసలే కూడదు, అది క్షారంతో కలిసి హైడ్రోజన్ వదులుతుంది. సన్న ఫోర్సెప్స్, స్లైడ్లు కేజీహెచ్ ఆసుపత్రి చుట్టుపక్కల దుకాణాలలో అడుగు. ఇక మన సముద్రపు తేమ గురించి ఒక మాట: నీరు లేని ఆల్కహాలు మూత తీసి ఉంచితే గాలిలోని తేమను లాక్కుంటుంది, ఆ నీరు మిగిలిన స్లైడులో బాల్సం పాలలా తెల్లబడుతుంది. వానాకాలంలో ఈ పని ఏసీ గదిలో, సీసా మూత వెంటనే బిగిస్తూ చేయాలి. ఆబ్జెక్టివ్‌లను కూడా సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టు, ఈ ఊళ్ళో బయట వదిలిన లెన్సుకు ఫంగస్ పట్టడానికి ఒక్క వర్షాకాలం చాలు.

హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్లు స్టాకింగ్‌కు ఎక్కువమంది వాడతారు. వాటిలో ఉన్న పద్ధతులలో ఒకటి ఒకదానిపై ఒకటి అడ్డంగా పోయే వెంట్రుకలను బాగా కలుపుతుంది గాని రంగుల నునుపును కాస్త చెడగొడుతుంది. ఇంకొకటి నునుపును కాపాడుతుంది గాని వెంట్రుకల చుట్టూ మసక వలయాలు వదులుతుంది. రెండూ చేసి, ఏ భాగం దేనిలో బాగుంటే దాన్ని తీసుకుని చేత్తో దిద్దుకో. ఇంతవరకు న్యాయమే. సెన్సరు మీది దుమ్ము చుక్కలు చెరపడమూ న్యాయమే. కాని విరిగిన స్పర్శశృంగానికి లేని ఖండాలు అతికించడం, ముఖంలో బాగా వచ్చిన సగాన్ని తిప్పి రెండో సగంగా అంటించడం, గోధుమరంగు పురుగును మెరిసే ఊదా రంగులోకి మార్చడం, ఇవి చేసిన చిత్రం ఇక శరీర నిర్మాణ చిత్రం కాదు. పత్రికలలో వచ్చే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు చూసి మోసపోవద్దు. ఆ యంత్రం ఇచ్చేది నలుపు తెలుపు చిత్రమే, రంగులు తరువాత వేసినవి.

ప్రింటు కొలత దగ్గర అందరూ పప్పులో కాలేస్తారు, కాబట్టి ఈ లెక్క ఓపికగా చదువు. ఏపీఎస్-సి అనే రకం కెమెరా సెన్సరు వెడల్పు సుమారు 23.5 మి.మీ. 10ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో నేరుగా తీస్తే దానిలో పట్టేది 2.35 మి.మీ. వస్తువు. దాన్ని 24 అంగుళాల వెడల్పుకు ప్రింటు వేస్తే గోడ మీద వస్తువు సుమారు 260 రెట్లు పెరుగుతుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాకు అడ్డంగా 6000 పిక్సెళ్ళు ఉంటాయి గనుక అంగుళానికి 250 పిక్సెళ్ళు పడతాయి, ప్రింటు వేసేవాడు బ్రహ్మాండం అంటాడు. కాని 0.25 అపెర్చర్ ఉన్న ఆబ్జెక్టివ్ విడదీసి చూపగలిగిన అతి చిన్న వివరం సుమారు 1.3 మైక్రాన్లు, అది 260 రెట్లు పెరిగి గోడ మీద మూడో వంతు మిల్లీమీటరుకు పైన ఉంటుంది. మామూలు చూపున్న మనిషికి అంత వివరం పదునుగా తోచాలంటే దాదాపు నాలుగు అడుగుల దూరంలో నిలబడాలి. దగ్గరికి వస్తే చిత్రం మెత్తబడుతుంది, కెమెరాలో పిక్సెళ్ళు ఎన్ని పెంచినా ఆ మెత్తదనం పోదు. అదే చిత్రాన్ని 16 అంగుళాలకు వేస్తే రెండున్నర అడుగుల వరకు పదునుగా ఉంటుంది. 4ఎక్స్‌తో తీసినా లెక్క ఇదే, దాని అపెర్చర్ కూడా అదే దామాషాలో తగ్గింది కదా.

కనుక ఎవరు ఎక్కడ నిలబడి చూస్తారో ముందు కొలుచుకో. సోఫా వెనుక గోడకైతే మధ్యలో సోఫా అడ్డం ఉంటుంది, 24 అంగుళాలు సరిపోతుంది. ఇరుకైన నడవా గోడకైతే జనం ముక్కు ఆనించినట్టు నిలబడతారు, 12 అంగుళాలు దాటవద్దు. దగ్గరినుంచి చూసినా వివరం తరగని పెద్ద చిత్రం కావాలంటే ఒకటే దారి: 4ఎక్స్‌లో ఒక్కసారిగా పట్టే భాగాన్ని 10ఎక్స్‌తో ముక్కలు ముక్కలుగా తీసి కలపడం. అడ్డంగా 3 లేదా 4, నిలువుగా అన్నే, ప్రతి ముక్కకు నూటికి పైగా చిత్రాలు. మొత్తం వెయ్యి దాటుతాయి. ఇది రెండో సంవత్సరపు పని.

పూర్తి ప్రింటు ఇచ్చే ముందు, అసలు కొలతలోనే నడుమనుంచి జానెడు పట్టీ ఒకటి వేయించి, పెట్టబోయే గోడకు టేపుతో అంటించి, పగలూ రాత్రీ రెండు వేళలా చూడు. తెర మీద వెలుగుతూ కనిపించిన గోధుమరంగు నీడలు కాగితం మీద నల్లగా మూసుకుపోవడం అప్పుడే తెలుస్తుంది. పిగ్మెంట్ ఇంకుతో, ఆమ్లం లేని నూలు కాగితం మీద వేసేవాళ్ళకే ఇవ్వు; ఫ్లెక్సీలు కొట్టేచోట చవకగా అవుతుందని ఇస్తే రెండేళ్ళలో రంగు వెలిసిపోతుంది.

నేపథ్యం నలుపు పెట్టాలని నీకు ఉందని రాశావు. ఈ మధ్య అందరూ అదే చేస్తున్నారు, నాకు మాత్రం నచ్చదు. నల్లని ప్రింటుకు అద్దం బిగిస్తే అది హాలులోని కిటికీలను, బాల్కనీ తలుపును, చూసేవాళ్ళ ముఖాన్ని చూపిస్తుంది, పురుగును చూపించదు. మీ ఫ్లాటుకు సముద్రం వైపు పెద్ద కిటికీలు ఉన్నాయి కాబట్టి లేత బూడిద రంగో, మీగడ రంగో పెట్టుకో; ముక్కుపురుగు గోధుమరంగు దాని మీద నిండుగా నిలుస్తుంది. తప్పనిసరిగా నలుపే కావాలనుకున్న చిత్రానికి మాత్రం ప్రతిబింబం తగ్గించే అద్దం వేయించు, దాని ఖరీదు మామూలు దానికి ఎన్నో రెట్లు.

పటం కట్టేవాడి దగ్గర పక్కన నిలబడి కట్టించుకో. ప్రింటు అద్దానికి తాకకూడదు. మన తేమలో తాకిన చోట అతుక్కుని మచ్చ పడుతుంది, తరువాత తీయబోతే పొర లేస్తుంది. నడుమ ఆమ్లం లేని మందపాటి మౌంటు, అంటే చిత్రం చుట్టూ కిటికీలా కోసిన అట్ట, ఉండాలి. ప్రింటును బోర్డుకు ఫెవికాల్‌తో పూర్తిగా అంటించనివ్వకు. పై అంచున రెండు చోట్ల పిండి జిగురు పెట్టిన పల్చటి కాగితపు పట్టీలతో వేలాడదీస్తే, తేమకు కాగితం సాగినా ముడత పడదు. వెనుక అట్ట అంచులను పూర్తిగా మూసి సీలు చేయాలి. లేకపోతే చెద, వెండిపురుగు లోపలికి దూరి కాగితం తింటాయి, పురుగు బొమ్మను పురుగులే తిన్నాయని మీ ఇంట్లో జీవితాంతం చెప్పుకుంటారు. చెక్క చట్రం అయితే టేకు, కాదంటే అల్యూమినియం. వెనుక కింది మూలలలో రబ్బరు బొత్తాలు అంటిస్తే గోడకు, పటానికి నడుమ గాలి ఆడుతుంది.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబరు 12న ఈ ఊళ్ళో కిటికీల వైపు గోడలు ఎలా తడిశాయో నీవూ చూసినదానివే. వర్షపు జల్లు తగిలే బయటి గోడకు, ఉదయపు ఎండ నేరుగా పడే గోడకు పటం వద్దు. లోపలి గదుల మధ్య గోడ మంచిది. మేకులకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడు, ఉప్పుగాలికి ఇనుము నిలవదు. 32 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉన్న పటానికి 2 మి.మీ. అద్దమే రెండున్నర కిలోలు తూగుతుంది, చట్రం అదనం. ఒక స్క్రూ మీద వేలాడదీయకు. చిత్రం మధ్యభాగం నేలనుంచి 145 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే నిలబడ్డవాళ్ళ చూపుకు సరిపోతుంది. మూడు పటాలు పెడితే మూడింటికీ ఒకే స్థాయి పెద్దది ఉండాలి. ఈగ కాలు, తేనెటీగ కాలు, దోమ కాలు ఒకే లెక్కలో పెరిగి పక్కపక్కన ఉంటే చూసేవాళ్ళు వాటిని పోల్చుకోగలుగుతారు. ఒక్కొక్కటి ఒక్కో లెక్కలో ఉంటే ఆ వరుసకు అర్థం ఉండదు.

కింద మౌంటు మీద పురుగు పేరు తెలుగులో, శాస్త్రీయ నామం, చూపిన అవయవం, దాని అసలు కొలత, అది చేసే పని రెండు వాక్యాలలో రాయించు. కొలత గీత చిత్రంలోకి చొరబడకుండా మౌంటు మీదే ఉండనీ. పటం వెనుక పురుగు దొరికిన చోటు, తేదీ, వాడిన ఆబ్జెక్టివ్, కలిపిన చిత్రాల సంఖ్య పెన్సిలుతో రాసి పెట్టు.

ఇక మీ అత్తగారి మాట. భోజనాల బల్లకు ఎదురుగా ఏదీ పెట్టకు, బొద్దింకను మాత్రం నీ పని గదికే పరిమితం చేయి. తేనెటీగ కొక్కేలతో మొదలుపెడితే ఆమెకు అభ్యంతరం ఉండదనుకుంటాను. ముక్కుపురుగు పటం చూసి ఏమైనా అంటే, అది ఆమె బియ్యం డబ్బాలోదని మాత్రం చెప్పకు.

కొలత గీత కోసం స్టేజ్ మైక్రోమీటరు కొనవద్దు. ఒక మిల్లీమీటరును నూరు భాగాలు చేసిన గాజు పలక నా దగ్గర ఉంది, మీ అమ్మ మధురవాడ వచ్చేటప్పుడు ఇచ్చి పంపుతాను. రెండు ఆబ్జెక్టివ్‌లకూ దాన్ని ఫోటో తీసుకున్న తరువాత, ముక్కుపురుగు పరీక్ష పట్టీతో పాటు తిరిగి పంపు.

ఆశీస్సులతో,
మీ మావయ్య